మూడవ సాలార్‌జంగు

హైదరాబాదు నగరమున మూసీనది యొడ్డున సాలార్‌జంగు మ్యూజియము కలదు. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో తోడి విద్యార్థులతో కలిసి దానిని చూచితిమి. ఒక పెద్ద గడియారము ముందు జనులు గుమిగూడి వేచియుండిరి. వేళ కాగానే చిన్న బొమ్మ యొకటి వెలికివచ్చి గంట మ్రోగించెను. ముసలివారు సైతము పసిపిల్లలవలె మురిసిపోయిరి. ఇన్ని వింతల నొకచోట కూర్చిన వాని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపవలెనని నాడే తలంచితిమి.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13వ తేదిన పూనాలో జన్మించెను. నెల తిరుగకముందే తండ్రి రెండవ సాలార్‌జంగు మరణించెను. తాత మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883 వరకు నిజాము సంస్థానమునకు దివానుగా నుండి పేరుగాంచినవాడు. ఏడవ నిజాము 1912లో ఇరువదిమూడేండ్ల ఈ యువకునికి ఆ దివాను పదవినే యొసగెను. కాని రెండేండ్లకే, 1914లో, ఆయన దానిని వదలుకొనెను.

పదవి పోయిన పిమ్మట పలువురు పగతోనో, విలాసములతోనో కాలము గడుపుదురు. ఈయన మార్గము వేరు. మిగిలిన జీవితమంతయు తన సంపదను కళాఖండములకును, గ్రంథములకును వెచ్చించెను. పచ్చరాతి పిడుల బాకులు, చైనా పింగాణి పాత్రలు, పారసీక, అరబ్బీ వ్రాతప్రతులు ఆయన యింట చేరెను. తాత 1876లో రోము నగరమున కొన్న రెబెకా శిల్పము అంతకుముందే అచట నుండెను. ఆమె మోముపై పలుచని మేలిముసుగు కూడ చలువరాతిదే యని తెలిసి చూపరులు విస్మితులగుదురు.

1949 మార్చి 2న ఆయన మరణించెను. అవివాహితుడగుటచే సంతానము లేదు. ఆస్తికి బంధువులు పలువురు హక్కుదారులైరి. వస్తువులను పంచుకొనినచో ఆ నిధి చెల్లాచెదరయ్యెడిది. ప్రభుత్వము పూనుకొని వానిని ఆయన నివాసమగు దివాను దేవిడీలోనే అమర్చెను. 1951 డిసెంబరు 16న నెహ్రూ పండితుడు దానిని ప్రారంభించెను. 1958లో వారసులు రాజీపడి తమ హక్కును వదలుకొనిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో నేటి భవనమునకు మారెను. బిడ్డలు లేనివాని సొత్తునకు నేడు చూడవచ్చిన ప్రతివాడును వారసుడే.

మనకు నవాబుల సంపద లేదు. కాని కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియమునకు పోయి చూడుడు. చేలగట్లపై మరుగుపడవలసిన ఈ సీమ వీరగల్లులు అచట భద్రముగా నున్నవి. ఎవరో ఒకరు విలువ యెరిగి యెత్తి పెట్టినందుననే అవి నిలిచినవి. హొసూరు ప్రాంతమున మన యిండ్లలోను అవ్వలు పాడు తెలుగు పాటలు, పొడుపుకథలు కలవు. అవి రాతివి కావు, అవ్వతోనే పోవును. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు అవ్వ నడిగి ఒక్క పాటయైనను వ్రాసి తెచ్చునుగాక! తలిదండ్రులు తోడ్పడుదురుగాక!