కొండసీమ నడిగిన అవ్వ

కాలేబు యెనుబదియైదేండ్ల వృద్ధుడై యెహోషువయొద్దకు వచ్చి అడిగినదేమి? యెహోషువ గ్రంథము 14వ అధ్యాయము చదువుకొనుడి. నీరు పారు పల్లపు పొలము నడుగలేదు. నీడపట్టున కూర్చుండుటకు చోటును అడుగలేదు. కొండను, దానిమీదనున్న బలవంతులైన శత్రువులతో కూడ అడిగెను. ఈ నెల ఈ భాగమును ధ్యానించుచుండగా తమిళదేశమందలి కొల్లి కొండలలో పనిచేసిన యొక ముసలమ్మ మాకు జ్ఞాపకము వచ్చినది. ఆమె పేరు ఎవెలిన్ బ్రాండు. బ్రాండు అవ్వ అన్న పేరే అందరికిని తెలిసినది. రాయవేలూరు ఆసుపత్రిలో కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి, వారిని మరల పనిపాటలకు తగినవారినిగా చేసిన డాక్టరు పాల్ బ్రాండు గారికి ఈమె తల్లి.

ఈమె 1879లో లండను నగరమందు కలిగినవారి యింట పుట్టెను. పట్టుబట్టలు కట్టి, బొమ్మలు వ్రాయుట నేర్చుకొని సుఖముగా పెరిగిన పిల్ల. ముప్పది దాటిన తరువాత మిషనెరీగా మన దేశమునకు వచ్చి, 1913లో జెస్సీ బ్రాండు దొరగారిని పెండ్లాడి, ఆయనతో కొల్లి కొండ లెక్కెను. నేడు ఆ కొండకు డెబ్బది మలుపుల బస్సుదారి యున్నది. ఆ దినములలో కాలిబాట తప్ప మరేమియు లేదు. చలిజ్వరమునకు భయపడి మైదానమువారు ఆ కొండమీద రాత్రి నిలుచుటకు జంకెడివారు. దొరగారు మందులిచ్చిరి, పండ్లు పీకిరి, వడ్రంగము నేర్పిరి. జనులు మందు పుచ్చుకొనిరి గాని ఏండ్లు గడచినను వాక్యమును మాత్రము ఎవరును అంగీకరింపలేదు. అక్కడి పూజారి వారికి గట్టి విరోధి.

1918-19 సంవత్సరములలో దేశమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఆ కొండమీదికిని వచ్చెను. జబ్బుపడినవారిని సొంతవారే విడిచి అడవులకు పారిపోయిరి. బ్రాండు దంపతులు గంజి కాచి, గుడిసె గుడిసెకు మోసికొనిపోయి త్రాగించిరి. ఆ పూజారియు అతని భార్యయు మంచము పట్టగా వారి దరికి ఎవరును రాలేదు. అతడు చనిపోవుచు తన పసిబిడ్డను తాను ద్వేషించిన ఆ దంపతులకే అప్పగించెను. కొండలో మొదటి సంఘము ఆ దుఃఖములోనుండి పుట్టినది.

ఇప్పుడు మాకు కష్టముగానున్న సంగతి చెప్పవలెను. 1923లో ఆ దంపతులు తమ పిల్లలిద్దరిని చదువు నిమిత్తము లండనులో అమ్మమ్మయింట విడిచి తిరిగి వచ్చిరి. పాల్‌కు అప్పుడు తొమ్మిదేండ్లు. అతడు తండ్రిని మరల చూడలేదు. 1929లో మలేరియా ముదిరి వచ్చిన జ్వరముచేత జెస్సీ దొరగారు కొండమీదనే మరణించిరి. తంతివార్త ముందు చేరినది. ఓడమీద వచ్చు తండ్రి ఉత్తరములు మాత్రము ఆ తరువాత కొన్ని వారములవరకు కుమారునికి అందుచునే యుండెను. ఆ బాలుడు వాటి నెట్లు చదివెనో తలచుకొనినయెడల మా మనస్సు కలుక్కుమనును. అది సరియైన పనియా కాదా అని తీర్పు చెప్పుటకు మేము సిద్ధముగా లేము. అవ్వ చేసిన సేవలో ఆ పిల్లలు చెల్లించిన వెలయు నున్నదని మాత్రము చెప్పగలము.

విధవరాలై తిరిగి వచ్చిన ఆమెను మిషనువారు మైదానములో నియమించిరి. ఆ దంపతులు మాత్రము కొల్లితో కూడ చుట్టుపట్లనున్న అయిదు కొండవరుసలకు సువార్త చేర్చవలెనని పూర్వమే తీర్మానించుకొనియుండిరి. భర్త పోయినను ఆ తీర్మానము ఆమెతో నిలిచియుండెను. 68వ యేట వయస్సు మీరినదని మిషనువారు ఆమెను మరియొక విడత ఉంచుకొనుటకు ఒప్పుకొనలేదు. వారిని నిందింపవలసిన పనిలేదు. ఏ పెద్దలైనను అట్లే చేసియుందురు. ఆమె ఒక్క సంవత్సరము గడువు వేడుకొనెను. అది తీరగానే మిషను కొలువు విడిచి, తనకున్న కొద్దిపాటి సొమ్ముతో కొండమీదికి పోయెను. ఇతరులకు విశ్రాంతియైన వయస్సు ఆమెకు పనికి ఆరంభమాయెను. మన సంఘములలో అవ్వలకు ముందు చాప వేయుదుము, వందనములు చెప్పుదుము. వారిని ఏ పనియైనను అడుగుచున్నామా?

అవ్వ ఆ కొండలలో దాదాపు పాతికేండ్లు తిరిగెను. నారికురుపు మన పల్లెలలోని పెద్దలకు తెలిసినదే. కాలినుండి పురుగు దారమువలె బయటికి వచ్చును. ఆ కాలితో దిగుడుబావిలో దిగినయెడల దాని పిల్లలు నీటిలో పడి, కంటికానని నీటిపురుగులలో చేరును. ఆ నీళ్లు త్రాగినవారికి ఏడాదికి మరల కురుపు లేచును. అవ్వ పుల్లకు చుట్టి ఆ పురుగును కొంచెము కొంచెముగా లాగెడిది. నీళ్లు బట్టతో వడగట్టుడని, బావిలో కాలు పెట్టకుండ చుట్టు రాతిగోడ కట్టుడని ఊరూరను పోరి చెప్పెడిది. ఆ కొండలలో ఆ జబ్బు దాదాపు లేకుండపోయినది. దేశమంతటను అది నిర్మూలమైనదని 2000 సంవత్సరములో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది.

గుఱ్ఱముమీదనుండి పలుమారులు పడి, తలకు దెబ్బతగిలి ఆమెకు నడక తూలెను. రెండు వెదురుకఱ్ఱలు పట్టుకొని నడచెడిది. 75వ యేట తుంటియెముక విరిగి, ఒంటరిగా రాత్రియంతయు నేలపైనే పడియుండెను. తెల్లవారి పనివాడు చూచిన పిమ్మట నలుగురు నులకమంచముమీద ఆమెను కొండ దింపి, జీపులో గతుకులదారిని ఆసుపత్రికి చేర్చిరి. కుమారుడు డాక్టరు గదా, ఇక చాలించుమని బ్రతిమాలెను. కొండలో నీకు ఏమైనను అయినయెడల వైద్యుడు లేడనెను. ఆ జనులకు వైద్యుడు లేడనియే గదా నేను వెళ్లుట అని ఆమె వాదన. దేవుడు పనికి పిలిచిన చోట వాడని యీ ముసలి దేహమును దాచి ఏమి లాభమని అడిగెను. కుమారుడే ఓడిపోయెను.

చివరి యిరువదేండ్లు ఆమె యింటిలో అద్దము లేదు, ఉంచనీయలేదు. ముడుతలుపడిన ఆ ముఖమువలె అందమైన ముఖమును తాను చూడలేదని కుమారుడు తరువాత వ్రాసెను. 93వ యేట గుఱ్ఱపు స్వారి మానవలసివచ్చెను. అప్పుడు గ్రామస్థులు ఆమెను మోసికొని ఊరూరికి త్రిప్పిరి. ఇట్లు మరి రెండేండ్లు.

1974 డిసెంబరులో, 95వ యేట, ఆమె ప్రభువునందు నిద్రించెను. శవపేటిక వద్దని, దేహము మంటిలో కలిసి మొక్కలకు బలము కావలెనని ముందే చెప్పియుండెను. గనుక నూలుదుప్పటిలో చుట్టి, కొల్లి కొండమీద, నలువదియైదేండ్ల క్రిందట జెస్సీ దొరగారిని పాతిపెట్టినచోట ఆయన ప్రక్కనే ఆమెను పెట్టిరి.