చిలకమర్తివారి చదువు

1914వ సంవత్సరము ఏప్రిలు నెల 10వ తేదీన ఆంధ్రదేశమునందలి గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదటిసారిగా బెజవాడలో సమావేశమైరి. ఊరూర మొలకెత్తుచున్న చిన్న చిన్న పుస్తకశాలల నన్నింటిని ఒక త్రాటికి తెచ్చుటకై అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగువారు పూనిక వహించి కూర్చిన సభ అది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది పడినది అక్కడనే. ఆ సభకు అధ్యక్షత వహించినవారు రాజమహేంద్రవర నివాసులగు శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు. అప్పటికి వారికి నలువదియాఱేండ్లు. పుస్తకమును చేతబట్టి తమంతట తాము చదువుకొనగల చూపు వారికి లేదు.

పుస్తకముల కొఱకు కూడిన మహాసభకు చూపులేని పెద్దమనిషి అధ్యక్షుడగుట నేటివారికి వింతగా తోచవచ్చును. అక్షరము వచ్చినవారు నూటికి పదిమందియైన లేని ఆ కాలమున పుస్తకమన్నది ఒకరు చదువగా పదిమంది వినునది. అరుగుమీద భారతమో భాగవతమో విప్పి ఒకరు పద్యము చదువుట, వేఱొకరు అర్థము చెప్పుట, తక్కినవారు నడుమ నడుమ అడ్డుప్రశ్నలు వేయుట గోదావరి పల్లెలకు అలవాటైన విషయము. ఆ పాత యలవాటును క్రొత్త పుస్తకములకు కూడ పట్టించినవారిలో పంతులుగారు ముఖ్యులు. వారి జీవితమంతయు ఒకరు చదువగా వినుటయందును, తాము చెప్పగా ఇతరులు వ్రాయుటయందును గడచినది.

పంతులుగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ఆనాటి గోదావరి మండలమున ఖండవల్లి గ్రామమందు మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వేంకటరత్నమ్మగారు. స్వగ్రామము వీరవాసరము. పసితనమునుండియు వారికి రేచీకటి. ప్రొద్దు క్రుంకినతోడనే లోకము మూతపడెడిది. దీపము ముందఱ కూర్చుండి పాఠము వల్లెవేయు భాగ్యము తోడిబాలురకు ఉండెను గాని వారికి లేకపోయెను. పగటివేళయైనను చూపు అంతంత మాత్రమే. అట్టి బాలునకు చదువేల యని ఆ కాలమున ఏ యింటిలోనైన తీర్మానించియుండవచ్చును. అట్లు జరుగలేదు. వీరవాసరమునందును నరసాపురమునందును చదువు సాగినది. ఒకరు చదువగా విన్నది మనసున ముద్రవేసికొనుట వారికి అప్పుడే అభ్యాసమైనది. కన్ను చేయవలసిన పని చెవి చేసినది, కాగితము చేయవలసిన పని జ్ఞాపకశక్తి చేసినది. వయస్సు వచ్చిన కొలది ఆ కొంచెపు చూపును క్రమముగా సన్నగిల్లి, తుదకు పూర్తిగా పోయినది.

1889 నాటికి పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. ఆ పట్టణము అప్పుడు ఆంధ్రదేశమున వాదోపవాదములకు రాజధాని. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధని పత్రికవలన ఇంటింట పక్షములు ఏర్పడియుండెను. 1881లో జరిగిన మొదటి వితంతు వివాహము తెచ్చిన వేడి చల్లారలేదు. 1890లో వీరేశలింగముగారు కట్టించిన పురమందిరము ఉపన్యాసములకు నెలవైనది. పాఠశాలలలో తెలుగు చెప్పుచు జీవించు ఈ యువకుడు ఆ గాలిలో పెరిగెను. వీరేశలింగముగారియెడ వారికి గురుభావమే గాని గ్రుడ్డి విశ్వాసము లేదు. గురువుగారి తీక్ష్ణత శిష్యునకు అబ్బలేదు. ఆయన కఱచిన చోట ఈయన నవ్వించును. పని జరుగుటకు రెండును అవసరమైనవే.

ఇచ్చట నవలా ప్రసంగము కొంత విపులముగా చేయవలసియున్నది. 1878లో వీరేశలింగముగారు రాజశేఖర చరిత్రమును వెలువరించిరి. దాని వెనుక గోల్డుస్మిత్తను ఆంగ్లకవి వ్రాసిన కథ ఛాయ కలదు. అయినను అందలి యిండ్లు, వీథులు, మూఢాచారములు మన గోదావరి ప్రాంతమువే. 1887లో అది ఇంగ్లీషు చేయబడి లండనులో అచ్చయినది. గ్రంథకర్త దానిని వచన ప్రబంధమనిరి. నవల యను పేరు తెచ్చినవారు కాకినాడ పండితులు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. ఆ గ్రంథమును నిశితముగా విమర్శించుచు వారు ఆ మాటను సంస్కృత వ్యుత్పత్తితో సాధించిరి. తెలుగున నవలకు పేరు పెట్టినది దాని దోషములెన్నిన విమర్శకుడే యనుట పాఠకులు గమనింపదగిన విశేషము. వాదములు వ్యర్థమను వారు ఈ యొక్క విషయమైన ఆలోచింపవలెను.

నవలలు చదువవచ్చునా చదువరాదా యను తర్కము ఆ రోజులలో పెద్దదే. పద్యము లేనిది కావ్యమగునా యని పండితులు. కల్పిత కథలు యువకుల బుద్ధిని చెఱచునని తండ్రులు. స్త్రీల చేతికి అందినచో ఇల్లు గుల్లయగునని మఱికొందఱు. ఈ మాటలు నేటికి పాతబడినవని తలపరాదు. ఆకసమున నెగురు సూపర్‌మాను, గోడలు ప్రాకు స్పైడర్‌మాను మున్నగు వీరుల బొమ్మల కథలు పిల్లల చేత జూచిన పెద్దలు అవే మాటలు అనుచున్నారు. ఆ పెద్దలే తమ బాల్యమున పాఠ్యపుస్తకము చాటున డిటెక్టివు నవలలు దాచుకొన్నవారు.

ఇట్టి సమయమున న్యాయపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి పత్రిక పక్షమున నవలలకు పోటీలు ఏర్పఱచి బహుమానములు ఇచ్చుట మొదలిడిరి. నవల వ్రాయుట గౌరవమైన పనియని లోకమునకు చాటిన ఉపాయమిది. 1894లో చిలకమర్తివారి రామచంద్ర విజయము ఆ పోటీలో బహుమానము నందినది. అందు రాజులు లేరు, రాక్షసులు లేరు. బీదరికమున పుట్టి చదువుచేత పైకి వచ్చిన ఒక బాలుని కథ. ఇంచుమించు మన పొరుగింటి కథ. తరువాత హేమలత, అహల్యాబాయి, కర్పూరమంజరి మున్నగునవి వచ్చినవి. చారిత్రక నవలలు వ్రాయుటచేత లోకము వారిని ఆంధ్ర స్కాటు అని పిలిచెను. ఆ బిరుదు ప్రేమతో ఇచ్చినదే యైనను వారికి పూర్తిగా అమరినదని చెప్పరాదు. స్కాటు కోటలను వర్ణించును. చిలకమర్తివారు కోటను రెండు వాక్యములలో దాటి మనుష్యుల మాటలలోనికి పోవుదురు. కంటితో గ్రంథములు చూడలేనివాడు చెవిని పడిన సంభాషణను పట్టుకొనుట సహజము గదా.

ఈ రచనలన్నియు సాగిన తీరు తలచినచో ఆశ్చర్యము కలుగును. శిష్యులో మిత్రులో చెంత కూర్చుండి చదువవలెను. పంతులుగారు వినవలెను. నచ్చినచో మరల చదివింపవలెను. వ్రాయునప్పుడు వారు చెప్పవలెను, ఒకరు లేఖకులు కావలెను. పుట వెనుకకు త్రిప్పి చూచుకొను సౌకర్యము లేదు. ఏ ప్రకరణమున ఏ పాత్ర ఏమన్నదో అంతయు మనసులోనే లెక్క కుదిరియుండవలెను. టాడు దొర రాజపుత్రుల చరిత్రమునుండి రాజస్థాన కథావళి తెలుగునకు వచ్చినది. 1912 మొదలుకొని తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు భాసుని నాటకములు ప్రకటింపగా, వందల యేండ్లు కనుమఱుగైయున్న ఆ కవి పంతులుగారి చేత తెలుగు మాటలాడెను. దేశమున క్రొత్తగా బయటపడిన పుస్తకము వారి చెవి చేరుటకు చూపు లేకపోవుట అడ్డము కాలేదు. అయితే ఎవరైన వచ్చి చదువువఱకు పుస్తకము మూతపడియే యుండును. ఒకరి తీఱికపై ఆధారపడిన చదువు ఎంత కష్టమైనదో ఆ స్థితి ననుభవించిన వారికే తెలియును.

వారి పుస్తకములలో ఊరూర తిరిగినది గయోపాఖ్యానము. ఈ కథ వ్యాస భారతమున లేదు. గయుడను గంధర్వుడు ఆకాశమార్గమున పోవుచు ఉమిసిన తాంబూలము శ్రీకృష్ణుని దోసిటిలో పడినది. వానిని చంపుదునని కృష్ణుడు ప్రతిజ్ఞ చేసెను. విషయము తెలియక అర్జునుడు వానికి అభయమిచ్చెను. ఇక బావకును మఱదికిని యుద్ధము. ఆడిన మాట తప్పరాని యిద్దఱు వీరులలో ఎవరు గెలువవలెను? దేవుడు గొప్పయా, ఇచ్చిన మాట గొప్పయా? నాటకము ముగిసిన తరువాతను ప్రేక్షకులను వదలని ప్రశ్న ఇది. ఇద్దఱు మహావీరులను ఎదురెదురుగా నిలిపి బలాబలములు తర్కించుకొను నేటి బొమ్మల పుస్తకముల బాలురు ఈ నాటకమును చదివినచో తమ తగవు ఎంత పాతదో తెలిసికొందురు. గయోపాఖ్యానము లక్ష ప్రతులకు మించి చెల్లినదని ప్రసిద్ధి. 1963లో ఇదే కథ శ్రీకృష్ణార్జున యుద్ధమను చలనచిత్రముగా వచ్చినది.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమున ఉపన్యసించెను. ఆ యింగ్లీషు ఉపన్యాసములను వినుచు వినుచు తెలుగున చెప్పినవారు పంతులుగారు. వారి జ్ఞాపకశక్తి సభామధ్యమున దేశమునకు ఉపకరించిన సందర్భమిది. దేశమును పాడియావుగా పోల్చి వారు చెప్పిన పద్యము ఆంధ్రదేశమంతట నోటినుండి నోటికి ప్రాకినది. ఆ అలజడిలో కళాశాలనుండి వెడలగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తరువాత గ్రంథాలయోద్యమమునకు నాయకులైరి. 1909లో పంతులుగారు అస్పృశ్యులని దూరముంచబడిన బాలుర కొఱకు రామమోహన పాఠశాల పెట్టిరి. ఆ కాలమున అది మాటలతో పోవు పని కాదు.

గణపతి యను నవలను గూర్చి తగవు నేటికిని తీఱలేదు. చదువు అబ్బక వీథిబడి పెట్టి పిల్లలను బాదు ఒక బీద బ్రాహ్మణుని కథ అది. తాత తండ్రుల నాటినుండి ఎత్తుకొని, గోదావరి పల్లెలలోని దరిద్రమును, సోమరితనమును, వెఱ్ఱి పట్టుదలను కడుపుబ్బ నవ్వునట్లు చెప్పిరి. హాస్యము మోటుగా నున్నదని కొందఱు విమర్శకులు. లేనివానిని చూచి నవ్వుట పాడియా యని మఱికొందఱు. మొదటి మాటలో కొంత నిజము కలదు. రెండవ మాట నిలువదు. కథ నడచిన కొలది నవ్వు గణపతిని దాటి, అట్టివానికి పిల్లల నప్పగించిన ఊరిమీదికి పోవును. చదువు చెప్పుటయే వృత్తిగా బ్రదికిన ఉపాధ్యాయుడు ఆ పుస్తకము వ్రాసెనని మఱచిపోరాదు. ఆకాశవాణివారు దానిని శ్రవ్యనాటకముగా ప్రసారము చేసినపుడు అక్షరము రాని యిల్లాండ్రు సైతము విని నవ్విరి. చెవితో చదివినవాని పుస్తకము మరల చెవికే చేరినది.

రాజమహేంద్రవరమున 1898లో నాళము కృష్ణారావుగారు నెలకొల్పిన వసురాయ గ్రంథాలయము, అద్దంకి సత్యనారాయణశర్మగారి రత్నకవి గ్రంథాలయముతో కలిసి 1920లో గౌతమీ గ్రంథాలయమైనది. పంతులుగారు చెప్పి వ్రాయించిన పుస్తకములను అట్టి శాలలే పల్లెలకు అందించినవి.

1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినది. డెబ్బదియైదేండ్ల వయస్సున చూపు లేని ఆ వృద్ధుడు తమ స్వీయ చరిత్రమును చెప్పి వ్రాయించెను. ఊళ్ల పేర్లు, మనుష్యుల పేర్లు, ఏబది యరువదియేండ్ల నాటి సంగతులు జ్ఞాపకమునుండియే వరుసగా వచ్చినవి. 1944లో ఆ గ్రంథము అచ్చయినది. 1946వ సంవత్సరము జూను 17వ తేదీన పంతులుగారు దివంగతులైరి.