గోపురి కుటీరవాసి జమ్నాలాల్ బజాజ్

గోవునందు సకలదేవతలు వసింతురని మన పెద్దలు బోధించిరి. గోపాలుని నిత్యము కొలుచు వైష్ణవ గృహములలో ఈ మాట ఎఱుగని బిడ్డ యుండడు. పండుగనాడు గోవునకు పసుపు పూసి, కుంకుమ దిద్ది, ప్రదక్షిణము చేసి నమస్కరింతుము. అది యుక్తమే. కాని పాడి ఉడిగిన పిమ్మట ఆ గోవు గతి యేమి? కాలు విఱిగిన యెద్దునకు, కన్ను పోయిన ముసలి ఆవునకు దిక్కెవ్వరు? పూజ కంటె కష్టమైన ఈ ప్రశ్నకు తన కడపటి దినములనే సమాధానముగా అర్పించిన గృహస్థు జమ్నాలాల్ బజాజ్.

రాజస్థానమున సీకరు పట్టణమునకు సమీపమునగల కాశీకా బాస్ అను కుగ్రామమున 1889వ సంవత్సరము నవంబరు 4వ తేదీన కనీరామ్, బిర్దీబాయి దంపతులకు ఆయన జన్మించెను. వార్ధా పట్టణమున వర్తకముచే ధనమార్జించిన బచ్ఛరాజ్ సేఠ్ ఆ బాలుని తనకు మనుమనిగా దత్తత గైకొనెను. బిడ్డ నిచ్చినందులకు ఆ తల్లిదండ్రులు తమకై ఏమియు గోరక, నీటి యెద్దడిగల తమ గ్రామమునకు ఒక బావి త్రవ్వించిన చాలునని యనిరని చెప్పుదురు. ఆ బావినీరు త్రాగిన నోరులేని జీవముల పుణ్యమే బాలుని వెంట వార్ధాకు వచ్చినదేమో!

పదునేడవ యేట ఒక పరీక్ష యెదురాయెను. వివాహమునకు ఆభరణములు ధరించి వెళ్ళుటకు ఆయన అంగీకరింపనందున పితామహుడు కోపించి, ధనము మాట యెత్తి నిందించెను. యువకుడు మాఱు పలుకక, ఆస్తిపై తనకెట్టి హక్కును లేదని పత్రము వ్రాసి యిచ్చి ఇల్లు వెడలెను. తాత పశ్చాత్తపించి వెనుకకు పిలిపించెను. తరువాత ఆస్తి యంతయు తనకే సంక్రమించినను, తాను దానికి యజమానుడను గాననియు, ధర్మకర్తను మాత్రమేననియు ఆయన జీవితాంతము భావించెను.

1915లో దక్షిణాఫ్రికానుండి మరలివచ్చిన గాంధీమహాత్ముని ఆయన ఆశ్రయించెను. 1920లో నాగపూరు కాంగ్రెసు మహాసభ సమయమున, తన్ను ఐదవ కుమారునిగా స్వీకరింపుమని ఆయనను వేడుకొనెను. ప్రభుత్వ మిచ్చిన రాయ్ బహద్దూరు బిరుదమును త్యజించెను. పలుమార్లు చెఱసాల కేగెను. 1928లో వార్ధాయందలి తమ వంశపు లక్ష్మీనారాయణాలయ ద్వారములను హరిజనులకు తెఱపించెను. పూర్వాచారపరులు పలువురు ఆగ్రహించినను వెనుదీయలేదు.

1941లో అనారోగ్యకారణమున చెఱనుండి విడుదలయైన పిదప, రాజకీయములపై ఆయనకు విరక్తి గలిగెను. మాతా ఆనందమయిని దర్శించి కొంత శాంతి పొందెను. శేషజీవితము నే పనికి వినియోగింపవలెనని విచారించుచుండగా గాంధీమహాత్ముడు గోసేవను సూచించెను. ఆ సంవత్సరముననే గోసేవాసంఘ మేర్పడెను. కోట్ల వ్యవహారములు నడపిన ఆ శ్రేష్ఠి వార్ధా సమీపమున గోపురియందు చిన్న కుటీరమున నివసించుచు, గోవుల సేవయే నిత్యానుష్ఠానముగా చేసికొనెను.

ఆ సంఘము తలపెట్టిన పని యెట్టిదో కొంచెము విస్తరింతును. ఆ కాలమున ఉత్తరదేశపు నగరములలో పింజ్రాపోళ్ళను పేర అనేక పశుశరణాలయములు గలవు. ధర్మాత్ములు ధనమిచ్చిరి. కాని పెక్కింట వైద్యము తెలిసినవాడు లేడు. మేతకు బీడు లేదు. ఇఱుకు దొడ్లలో పాడిపశువులును రోగపశువులును ఒక్కచోటనే కట్టబడుచుండెను. పుణ్యము ఖాతాలలో పెరుగుచుండెను. పశువులు మాత్రము చిక్కిపోవుచుండెను. ఇందులకు గాంధీమహాత్ముడు బోధించిన మార్గమిది: శరణాలయములు ఊరి వెలుపల, గడ్డియు నీరును గల విశాలస్థలమున ఉండవలెను. ముసలి, రోగ, వికలాంగ పశువులను చేర్చుకొని పోషించుటయే వాని ముఖ్యధర్మము కావలెను. పాడిని వృద్ధిచేయు గోశాలలు వేఱుగా నడువవలెను. శాస్త్రజ్ఞానముగలవారు వానిని చూడవలెను.

గోవు నిర్లక్ష్యమునకు గురియగుటకు కారణమునుగూడ ఆ పెద్దలు పరిశీలించిరి. వెన్న యధికమని జనులు గేదెపాలను కోరగా ఆవునకు మేత తగ్గెను. మేత తగ్గగా పాలు తగ్గెను. పాలు తగ్గగా ఆవు కటికవాని చేతికి పోయెను. అందుచే సంఘసభ్యులు ఆవుపాలను, ఆవునేతిని మాత్రమే వాడుదుమని వ్రతము పూనిరి. సహజముగా మరణించిన పశువుల తోలునే వాడుదుమని మఱియొక నియమము చేసికొనిరి. పాఠశాలలో వేదశాస్త్రములు చదివిన నావంటివానికి ఈ రెండవ నియమము మొదట మింగుడుపడలేదు. గోశాలకును తోళ్ళను పదునుచేయు పనికిని పొత్తేమని మనసు ముడుచుకొన్నది. యోచింపగా తెలిసినది: చచ్చిన పశువు తోలు నిరుపయోగమైనచో, తోలుకొఱకు బ్రదికియున్న పశువును చంపెదరు. మన శౌచము చెడకుండ చెప్పులు తొడుగుకొనుచు, వాని వెనుకనున్న వధను చూడకుండుట శౌచము కాదు.

1942 ఫిబ్రవరి 1వ తేదీన వార్ధాయందు గోసేవా సమ్మేళనము జరిగెను. పదిదినములకే, ఫిబ్రవరి 11న, జమ్నాలాల్ హఠాత్తుగా దేహము చాలించెను. గోపురియందే దహనసంస్కారము జరిగెను. గోసేవకు ఆయన కేటాయింపగలిగినవి కొలది మాసములే. అయినను సహధర్మచారిణి జానకీదేవి శోకమును దిగమ్రింగి, తనకుగల ధనమును ఆ కార్యమునకే అర్పించి, గోసేవాసంఘమునకు బహువత్సరములు అధ్యక్షురాలై యుండెను. 1956లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ బిరుద మొసగెను. 1979లో ఆమె పరమపదించెను.

భక్తులారా! సింహాచలమున అప్పన్నకు కోడెదూడలను మ్రొక్కుబడిగా సమర్పించు ఆచారము మనలో తరతరములుగా గలదు. పలుపు చేతులు మాఱినంతనే మ్రొక్కు తీరినదని తలంపకుడు. పాలు మఱవని లేగను తల్లినుండి వేఱుచేసి తెచ్చినచో అది గడ్డి మేయజాలక కృశించును. కొంచె మెదిగినదానిని తెండు. దానితోబాటు దాని మేతకును సమర్పింపుడు. మరల క్షేత్రమునకు వచ్చినపుడు గోశాలకేగి ఒక గంట పేడ యెత్తుడు, నీరు పెట్టుడు. ఇంట వట్టిపోయిన ఆవు ఉన్నచో సంతకు తోలకుడు. ధనము గోవు ముంగిటివరకే మనలను గొనిపోవును. ఆపై చేతులతోనే సేవ చేయవలెను. కోటీశ్వరుడై యుండియు కుటీరము చేరిన ఆ మహనీయుని జీవితము మనకీ మార్గము చూపుచున్నది. గోవుల గాచిన స్వామి మనకట్టి బుద్ధి ననుగ్రహించుగాక!