సుగ్రా హుమాయూన్ మీర్జా

నైజాము రాష్ట్రమునందలి స్త్రీల మేలుకొలుపును గూర్చి వ్రాయునప్పుడు తెలుగు పత్రికలు తరచుగ విడిచిపెట్టు నామ మొకటి కలదు. 1958లో గతించిన సుగ్రా హుమాయూన్ మీర్జా బేగము ఉర్దూ చదువరులకు సుపరిచిత. ఇల్లందు, ఖమ్మము ప్రాంతముల గృహస్థులలో పలువురకు మాత్ర మామె పేరు క్రొత్తగనే తోచును.

తండ్రి డాక్టరు సఫ్దర్ అలీ మీర్జా నైజాము సైన్యమున వైద్యుడు. 1901లో పాట్నావాసియగు బారిష్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జాతో వివాహమయ్యెను. గొప్ప కుటుంబముల ముస్లిం స్త్రీలు పల్లకి తెర తొలగింపని దినములలో ఆమె నవలలు వ్రాసెను. అన్నిసా యను స్త్రీల పత్రికను నడపెను. ఐరోపా యాత్ర గావించి యాత్రాచరిత్రను ప్రకటించెను. పరదా విడిచి సభావేదికల నెక్కెను. కవిత్వమున ఆమె ధరించిన మారుపేరు ‘హయా’, అనగా సిగ్గు. తెర తీసిన స్త్రీకి సిగ్గుండదని గొణుగువారికి ఇంతకంటె ప్రత్యుత్తర మేల?

1907లో నగరమున వెలసిన మహబూబియా బాలికా పాఠశాల పెద్దయిండ్ల బిడ్డలకు ఇంగ్లీషు చదువు చెప్పెను. సుగ్రా బేగము 1934లో తండ్రి పేర స్థాపించిన సఫ్దరియా పాఠశాల ఉర్దూలో బోధించెను. ఆమె కార్యములలో మేము దీనినే ముఖ్యముగ నెంచుచున్నాము. ఎన్ని గ్రంథములు వ్రాసినను, చదువ నేర్చినవారికే గదా యవి యుపకరించుట!

అయినను ముస్లిం స్త్రీల కెల్లరకు పరదా యొక్క తీరున లేదు. 1889లో బొగ్గు త్రవ్వకము మొదలైన ఇల్లందు వంటి కార్మికుల యూర కూలిచేసి బ్రతుకు స్త్రీకి, తెలుగే యింటిభాషయైన దూదేకుల యిల్లాలికి, నాలుగు గోడల చాటున దాగు తీరిక యెక్కడిది? ఉర్దూ పత్రిక యామె గడపకు చేరలేదు. ఇక మన దొరల గడీలలో సాగిన ఘోషా మాట యేమి? బండ్లకు తెరలు కట్టి ఆడుబిడ్డలను పుట్టింటికి పంపినవారు తురకల పరదాను ఎగతాళి చేయుట వింత.

ఆ 1934లోనే ఖమ్మమున ఆంధ్రమహాసభతోపాటు ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షతన మహిళాసభ జరిగెను. ఒకే యేట, ఒకే సంస్థానమున, అక్కడ తెలుగున, ఇక్కడ ఉర్దూన స్త్రీవిద్యకై ప్రయత్నము సాగుచుండ నడుమ భాష అడ్డు నిలిచెను. ఇందుకు బేగమును మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. తెలుగు సభలు నడపిన మనవారికిని ఇందు భాగము కలదు.

భర్త పేర వెలసిన హుమాయూన్ నగరులోనే ఆమె పాఠశాల నెలకొన్నది.