రమ్మీ కేసు తీర్పరి జస్టిస్ హిదయతుల్లా

పేకాటలో గెలుపు తెలివిదా, అదృష్టానిదా? రచ్చబండల దగ్గర ఎన్నటికీ తెగని ఈ తగవు ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేసు పుట్టింది మన సికింద్రాబాదులో. 1967లో తీర్పు రాసినవారు జస్టిస్ మహమ్మద్ హిదయతుల్లా.

ఆయన 1905 డిసెంబరు 17న లక్నోలో జన్మించారు. తండ్రి విలాయతుల్లా ప్రభుత్వోద్యోగి, ఉర్దూ కవి. హిదయతుల్లా రాయపూర్‌లో హైస్కూలు, నాగపూర్‌లో కాలేజీ చదువు ముగించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పై చదువులు చదివారు. 1930లో బారిస్టరై వచ్చి నాగపూర్‌లో వకీలు వృత్తి చేపట్టారు. 1946లో అక్కడి హైకోర్టు జడ్జి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలంనాటి జూద చట్టం కింద కేసు నడిచింది. మేజిస్ట్రేటు శిక్ష వేయగా హైకోర్టు కొట్టివేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో అప్పీలు చేసింది.

ఆ అప్పీలును కొట్టివేస్తూ హిదయతుల్లా ఆటను విడమరిచి చూపారు. మూడుముక్కలాటలో పడిన ముక్కే గతి. రమ్మీ అలా కాదు. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి. ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది ఆలోచించాలి. ముక్కలు కలిపి పంచుతారు కాబట్టి అదృష్టం కొంత ఉంటుంది. ఆ మాటకొస్తే బ్రిడ్జి ఆటలోనూ ఉంటుంది. కనుక రమ్మీలో నేర్పుదే పైచేయి అని తేల్చారు.

అయితే తీర్పులో మరో మాట కూడా ఉంది. ఆటను అడ్డం పెట్టుకుని క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు రుజువైతే నేరం నేరమే. ఈ కేసులో అలాంటి రుజువు దొరకలేదు. క్లబ్బు ఇచ్చే సదుపాయాలకు రుసుము తీసుకోవడం లాభార్జన కాదన్నారు. తర్వాత రోజుల్లో మొదటి మాట ఊరూరా పాకింది. రెండో మాటను చాలామంది మరిచారు.

హిదయతుల్లా 1968లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1969లో వి.వి. గిరి రాజీనామా చేయగా, జూలై 20 నుంచి ఆగస్టు 24 వరకు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. 1979 నుంచి 1984 వరకు ఉపరాష్ట్రపతి పదవి నిర్వహించారు. 1992 సెప్టెంబరు 18న బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన చూసిన రమ్మీ నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఆడేది. ఫోనులో రమ్మీ వచ్చాక క్లబ్బు దాకా వెళ్ళే పని తప్పింది. కోచింగుల కోసం పల్లె నుంచి వెళ్ళి అమీర్‌పేట, పంజాగుట్ట గదుల్లో ఉండే పిల్లలకు కూడా అది చేతికందింది. పందెం ఎవరితోనో తెలియదు, ఆట నడిపే కంపెనీకి మాత్రం రాబడి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. నేర్పుదైనా, అదృష్టానిదైనా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆట కూడదంటూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

రమ్మీ తెలివి ఆటేనని కోర్టు చెప్పింది కదా అని పందెం కాసేవారు ఒక సంగతి గమనించాలి. అదృష్టం ఆటలో చేతకానివాడికీ ఒక్కోసారి కలిసి వస్తుంది. తెలివి ఆటలో ఆరితేరినవాడి ఎదుట కూర్చున్న కొత్తవాడు ఒకటి రెండు ఆటలు గెలిచినా, పొద్దు గూకేసరికి జేబు ఖాళీ చేసుకునే లేస్తాడు.