చేనేతకు దేశదేశాల బాట చూపిన కమలాదేవి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లు చెప్పగానే బయటివాళ్ళకు కరువు గుర్తుకొస్తుంది, వలసపోయే పాలమూరు లేబరు గుర్తుకొస్తుంది. అంతవరకు నిజమే. కాని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గద్వాల, నారాయణపేట కూడా ఈ నేలమీది ఊళ్ళే గదా! ఇవి మగ్గం మీద బతికిన ఊళ్ళు. వీటి బట్ట సముద్రం అవతలి దుకాణాల్లో కూడా అమ్ముడుపోయింది. పొలం ఎండిన ఏడు కూడా ఇంత గంజి పోసింది ఆ మగ్గమే.

ఈ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాయాలని కూర్చున్నప్పుడు మేము ఎంచుకున్న పేరు శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ గారిది. ఆమె తెలుగు మనిషి కాదు, మన జిల్లాలో పుట్టలేదు. అయినా మన చేనేత కారీగర్ల కథ చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆమె తప్పక తగులుతారు.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ సర్కారు కొలువులో పెద్ద హోదా గలవారు. కూతురికి ఏడేండ్లప్పుడు ఆయన వీలునామా రాయకుండానే కన్నుమూశారు. ఆస్తి అంతా మొదటి భార్య కొడుకు పరమైంది. తల్లి గిరిజాబాయి గారికి నెలకు ఇంత అని భత్యం ఇస్తామన్నారు. ఆ తల్లి దాన్ని కాదని, తన పుట్టింటివాళ్ళు ఇచ్చినదానితోనే పిల్లలను సాకింది. చేతిలో సంపాదన లేని ఆడదాని బతుకు ఎట్లా ఉంటుందో కమలాదేవి గారికి ఆ వయసులోనే తెలిసి వచ్చిందని మాకు అనిపిస్తుంది. తర్వాత ఆమె ఏ పని తలపెట్టినా అందులో ఆడవాళ్ళ సంపాదన మాట ఉండనే ఉంది.

పద్నాలుగో ఏట పెళ్ళి, రెండేండ్లు తిరగకుండా వైధవ్యం. చదువు మాత్రం మానలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో సుహాసిని అనే స్నేహితురాలు దొరికింది. ఆమె హైదరాబాదులో పేరుమోసిన అఘోరనాథ ఛటోపాధ్యాయ గారి బిడ్డ, సరోజినీ నాయుడు గారి చెల్లెలు. సుహాసిని ద్వారా ఆమె అన్న హరీంద్రనాథ్ పరిచయమయ్యారు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవడమా అని బంధువులు మండిపడినా ఆ పెళ్ళి జరిగింది. ఆ విధంగా కమలాదేవి గారు హైదరాబాదు ఇంటి కోడలయ్యారు. ఆ సంసారం కడదాకా నిలవలేదు, విడాకులతో ముగిసింది.

రాజకీయాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాం. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడారు. మన దేశంలో చట్టసభకు పోటీ చేసిన మొదటి స్త్రీగా ఆమె పేరు చెబుతారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆడవాళ్ళకు కూడా చోటు ఉండాలని గాంధీజీని ఒప్పించిన వారిలో ఆమె ముఖ్యులు. బొంబాయి వీధుల్లో ఉప్పు అమ్మి జైలుకు పోయారు. స్వరాజ్యం వచ్చినాక ఆ తరంలో చాలామంది పదవుల వైపు నడిచారు. ఈమె నడిచింది శరణార్థుల గుడారాల వైపు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టి, వాయవ్య సరిహద్దు నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళ కోసం ఫరీదాబాదు పట్టణం లేపే పనిలో దిగారు. బిచ్చం పెడితే మనిషి నిలబడడు, చేతికి పని ఇయ్యాలె అన్నదే ఆమె పట్టుదల. అక్కడినుంచే ఆమె దృష్టి చేతి హునర్ మీద నిలిచింది.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. దాని బాధ్యత ఆమె చేతికి వచ్చింది. సుమారు ఇరవై ఏండ్లు ఆమె ఊరూరూ తిరిగారు. అప్పటి పరిస్థితి ఏమిటంటే, పనితనం తగ్గలేదు గాని కొనేవాడు పోయాడు. రాజులు, జమీందారులు, నవాబులు పోయారు. మిల్లు బట్ట చౌకగా వచ్చింది.

ఈ మాటకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది, తేలియా రుమాలు. పేరులోనే తేల్, అంటే నూనె ఉంది. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోను రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి అప్పుడు ఎర్ర రంగు ఎక్కిస్తారు. రంగు గట్టిగా పట్టుకుంటుంది, వాసన కూడా చాలాకాలం వదలదు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే. చీరాల నుంచి ఈ చౌకం గుడ్డలు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు పోయేవి. ఎడారి ఎండలో తలకు చుట్టుకుంటే నూనె గుడ్డ చల్లగా ఉంటుందని అరబ్బులు ఇష్టపడేవారట. హైదరాబాదు నవాబుల ఇళ్ళల్లో బేగములు దీన్నే దుపట్టాగా వేసుకునేవారని కూడా చెప్పుకుంటారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ పని చీరాల నుంచి పోచంపల్లి వైపు వచ్చింది. శతాబ్దం నడిమికి వచ్చేసరికి బేరం సన్నగిల్లింది. అరబ్బు తల మీద గుడ్డ మారింది, ఇక్కడ నల్లగొండలో మగ్గం ఆగింది. ఎగుమతి మీద బతికే పని ఇట్లాగే ఉంటుంది. ఎక్కడో ఒక రివాజు మారితే ఇక్కడ పొయ్యిలో పిల్లి లేవదు.

ఇక్కడే కమలాదేవి గారి తెలివి కనబడుతుంది. చేతి హునర్‌ను అట్లాగే ఉంచాలి, కాని ఆ హునర్ తయారుచేసే వస్తువు మారాలి అన్నది ఆమె పద్ధతి. రుమాలు కొనేవాడు లేకపోతే అదే చిటికి పనితో చీర నేయవచ్చు, పక్కదుప్పటి నేయవచ్చు, పరదా నేయవచ్చు. బోర్డు ప్రోత్సాహంతో 1960 ప్రాంతంలో పోచంపల్లి నేతగాళ్ళు పట్టులోకి దిగారు. అక్కడి యువకులు బనారసుకు పోయి పట్టు నేత నేర్చుకొచ్చారని ఆ ఊరిలో చెప్పుకుంటారు. అంతకు ముందు ముతక నూలు చీరలు, రుమాళ్ళు నేసిన చేతులే అవి. ఇరవై ఏండ్లు తిరిగేసరికి పోచంపల్లి పట్టుచీర పెళ్ళిళ్ళ సామానులో చేరింది. కొయ్యలగూడెం వైపు నూలు దుప్పట్లు, గజాల లెక్కన అమ్మే గుడ్డ నేశారు. విదేశీ గిరాకీకి అనువైనది ఆ గజాల బట్టే. చీర కట్టని దేశంలో చీర ఎవరు కొంటారు? గుడ్డ అయితే కోటు కుట్టుకుంటారు, దిండు గలేబు కుట్టుకుంటారు.

చిటికి పని తెలియని చదువరుల కోసం రెండు మాటలు. మామూలు అద్దకంలో బట్ట నేసిన తర్వాత రంగు వేస్తారు. ఇక్కడ నేయకముందే పోగుమీద బొమ్మ ఉంటుంది. పోగులను ఆసు పోసి, లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు తాకకూడని చోట సైకిలు ట్యూబు రబ్బరు పీలికలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. విప్పి, వేరేచోట కట్టి, ఇంకో రంగు. పడుగు పోగు, పేక పోగు రెండూ అట్లా అద్దితే మగ్గం మీద రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. వెంట్రుకవాసి తప్పినా అంచు చెదురుతుంది. ఆ చెదిరిన అంచునే తెల్లవాళ్ళు మెచ్చుకుంటారు, చేతిపని అనడానికి అదే సాక్ష్యం.

గద్వాలది ఇంకో తీరు. ఒళ్ళు నూలు, అంచు కొంగు పట్టు. రెంటినీ మగ్గం మీదనే ముడివేసి కలుపుతారు. ఎండాకాలం కట్టుకోను హాయి, శుభకార్యానికి కావలసిన మెరుపూ ఉంది. ఏ డిజైన్ స్కూలూ నేర్పని డిజైన్ అది. నారాయణపేట చీరకు మహారాష్ట్ర వైపు ఎప్పటినుంచో గిరాకీ ఉంది.

కమలాదేవి గారి కాలంలో బోర్డు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగుళూరులలో డిజైన్ కేంద్రాలు పెట్టింది. పేరున్న కారీగర్లకు 1965 నుంచి జాతీయ పురస్కారాలు మొదలయ్యాయి. అంతవరకు నేతగాడి పేరు సేటు బిల్లు పుస్తకం దాటలేదు. శ్రీకాళహస్తిలో ఆరిపోతున్న కలంకారీ పనికి మళ్ళీ తాలీమ్ దొరికింది కూడా ఆమె పూనికవల్లనే. 1964లో న్యూయార్కులో ప్రపంచ హస్తకళల మండలి ఏర్పడినప్పుడు ముందు నిలిచినవారిలో ఆమె ఒకరు. 1966లో మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబర్ 29న బొంబాయిలో, ఎనభై అయిదేండ్ల వయసులో పోయారు.

ఆమె దారిలో చిక్కులు లేవని మేము అనం. కొత్త నమూనా కోసం పోచంపల్లి వాళ్ళు గుజరాతు పటోలా బొమ్మలు, ఒరిస్సా బొమ్మలు తెచ్చుకుని ఏనుగులు, చిలుకలు నేశారు. కొంతకాలానికి పోచంపల్లి బొమ్మనే మిల్లువాళ్ళు గుడ్డమీద అచ్చు గుద్ది అమ్మడం మొదలుపెట్టారు. చేతితో వారాలు పట్టే చీర పక్కన అచ్చు చీర కొద్ది రూపాయలకే వేలాడుతుంటే, తేడా తెలియని గిరాకీ దేన్ని ఎత్తుకుంటాడు? 2005లో పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2020లో తేలియా రుమాలుకూ వచ్చింది. కాగితం మీద హక్కు దొరికింది గాని, ప్రతి బజారులో కాపలా పెట్టేది ఎవరు?

అదే 2005 మొదట్లో ప్రపంచ బట్టల వ్యాపారంలో దేశాలవారీ కోటాలు ఎత్తేశారు. కుట్టిన బట్టల్లో చైనా, బంగ్లాదేశ్ ఎంత చౌకగా ఇస్తాయో అందరికీ తెలుసు. వాళ్ళతో ధరలో పోటీపడి మన మగ్గం గెలవడం కల్ల. గెలిచేది ఉంటే వాళ్ళు చేయలేని పనితనంలోనే గెలవాలి. కోటాలు పోకముందే, అర్ధశతాబ్దం వెనుకనే కమలాదేవి గారు పట్టుకున్న దారి ఇది. కాకపోతే పేరు వచ్చినంత సులువుగా కూలి పెరగలేదు. బయటి దేశంలో ఆ గుడ్డకు పలికే ధరలో మగ్గం ముందు కూర్చున్నవాడికి చేరేది ఎంత అన్నదే మన ప్రాంతంలో ఇప్పటికీ తెగని లెక్క. కొడుకు మగ్గం వదిలి హైదరాబాదులో వేరే పని చూసుకుంటే తండ్రి బాధపడడు, ఊపిరి పీల్చుకుంటాడు.

ఆమె నడిపిన హస్తకళల బోర్డును, దానితోపాటు చేనేత బోర్డును 2020లో కేంద్రం రద్దు చేసింది. పుట్టపాక పనివాళ్ళు మాత్రం ఆగలేదు. ఆ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు, చీర చీరకూ సుమారు తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసి తల్లి భుజాలు పడిపోవడం చూసి, ఏండ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసే పని అంతకుముందు ఎక్కువగా ఆడవాళ్ళదే. రోజుకు రెండు చీరల ఆసు పోసేసరికి చెయ్యి ఎత్తలేకపోయే ఆ ఇళ్ళల్లో ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తున్నది. చిటికి కట్టడం, అద్దడం, నేయడం ఇంకా చేతులతోనే నడుస్తున్నాయి.