ఓలే ఎవిన్రూడ్ జీవితము

మన కోనసీమ గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నున్న సీమ. వంతెనలు లేని దినములలో ఈ సీమకు రావలెనన్నను, ఇచటినుండి పోవలెనన్నను రేవు దాటక తప్పెడిది కాదు. తెడ్డును, గడయును, తెరచాపయు మాత్రమే యెఱిగిన మన పడవలకు తరువాత ఇంజనులు వచ్చెను. నడియేట ఇంజను నిలిచిన పడవ ప్రవాహమునకు లోబడిపోవును. అట్టివేళ అందలివారి ప్రాణములు ఆ యంత్రము మరల అందుకొనుటపై ఆధారపడి యుండును. కావున చిన్నపడవకు ఇంజనును అలవాటు చేసిన ఓలే ఎవిన్రూడ్ చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఆయన 1877 వ సంవత్సరమున నార్వే దేశమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయమున తలిదండ్రులతో అమెరికాకు వచ్చి విస్కాన్సిన్ రాష్ట్రమున పెరిగెను. తండ్రి సేద్యగాడు. ఓలే బడిచదువు మూడవ తరగతితోనే ముగిసెను. పదునాఱవ యేట మాడిసన్ పట్టణమున యంత్రశాలలో పనికి చేరి, యంత్రశాస్త్రమును తనంతట తానే చదివికొనెను.

ఒక వేసవి దినమున సరస్సు తీరమున బెస్ కేరీ అను యువతి ఐసుక్రీము కోరగా, ఆయన తెడ్డు వేసికొని పోయి తెచ్చునప్పటికి అది కరగిపోయెనని చెప్పుదురు. నాటినుండి తెడ్డు పనిని యంత్రముచే చేయింపవలెనను తలంపు ఆయనను విడువలేదు. ఆమెయే ఆయన భార్య యయ్యెను. 1909 లో ఆయన సిద్ధపఱచిన యంత్రము ఒకటిన్నర గుఱ్ఱపు బలము గలది; బరువు 62 పౌనులు. దానిని పడవ వెనుక బిగించి, పని తీరిన పిమ్మట విప్పి మోసికొని పోవచ్చును. అట్టివానిని అంతకుముందు చేసినవారు లేకపోలేదు. కాని జనులు నమ్మి విరివిగా కొనునట్లు చేసినది ఈయనయే. ఉత్తరములు, ప్రకటనలు బెస్ చూచుకొనెడిది.

ఇట్టి పెట్రోలు ఇంజనుకు ప్రాణము నిప్పురవ్వ. పెట్రోలు ఆవిరి మండుటకు కొంత కాలము పట్టును గనుక, పిస్టను పైకొనకు చేరుటకు కొంచెము ముందే రవ్వ పుట్టవలెను. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజనులో 30 డిగ్రీలు తిరుగుటకు పట్టు కాలము సెకనులో 300 వ వంతు మాత్రమే! రవ్వ మిక్కిలి ముందైనచో, ఇంజనును త్రిప్పునప్పుడు చక్రము వెనుకకు తన్ని చేతిని గాయపఱచును. ఆలస్యమైనచో బలము తగ్గి యంత్రము వేడెక్కును. పాతకాలపు ఇంజనులలో దీనిని పరీక్షించు విధమిది: ముందు ప్లగ్గును విప్పి, పాయింట్ల నడిమి సందును సరిచూడవలెను. పిమ్మట చక్రమును చేతితో మెల్లగా త్రిప్పి, దానిపై గీత ఇంజనుపై గీతతో కలియువేళకే పాయింట్లు విడివడుచున్నవో లేదో చూడవలెను. పాయింట్లను కదపు దిమ్మ అరిగినకొలది సందు తగ్గి రవ్వ ఆలస్యమగును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. అయినను నూనె చిమ్ము సమయమునకు ఇట్టి నియమమే కలదు.

వ్యాపారము వృద్ధి పొందుచుండగా బెస్ ఆరోగ్యము చెడెను. ఓలే తన భాగమును అమ్మివైచి, అయిదేండ్లు అట్టి యంత్రములు చేయనని ఒప్పుకొని, ఆమెకు విశ్రాంతి కలిగింప ప్రయాణములకు కొనిపోయెను. పేరు మాత్రము ఇతరుల పాలయ్యెను. గడువు తీరిన పిమ్మట, అల్యూమినియముతో చేసిన తేలికయైన రెండు సిలిండరుల ఇంజనును ఎల్టో అను పేర 1921 లో అమ్మకమునకు తెచ్చెను. 1929 లో ఆయన సంస్థయు, పూర్వము అమ్మిన సంస్థయు ఒకటి కాగా, ఆయనయే అధ్యక్షుడయ్యెను. బెస్ 1933 లోను, ఆయన మఱుసటి యేడును మరణించిరి. ఆయన పేరుగల ఇంజనుల తయారీ 2020 లో నిలిచిపోయెను.

వ్యాపారము ఎదుగువేళ ఆయన విడిచిన దానిని లోకము నష్టమని యెంచవచ్చును. మేమట్లు తలపము. ఇల్లాలి ప్రాణమునకు ప్రమాదము కలిగినపుడు పనిని ఆపుటయు, తగిన వేళ మరల మొదలిడుటయు ఆయన యెఱిగెను. మా బాలబాలికలు రేవున ఇంజను మ్రోత వినునప్పుడెల్ల ఈ సంగతిని తలంతురు గాక.